రాజపాళయం షికార్లు

తిరుమంగళం దగ్గర మదురై రోడ్డు వదిలి నైరుతిగా కొల్లం పోయే జాతీయ రహదారి ఎక్కితే చాలాసేపు చదును నేలే. రెండు పక్కలా నల్లరేగడి, పత్తిచేలు, నడుమ నడుమ సర్కారు తుమ్మలు, ఎండాకాలమైతే నెర్రెలిచ్చిన చెరువులు. కొంతదూరం పోయాక పడమటి దిక్కున సన్నటి నీలి గీత ఒకటి లేస్తుంది. మొదట మబ్బేమో అనుకుంటాం. శ్రీవిల్లిపుత్తూరు గోపురం కంటబడే వేళకు ఆ గీత కొండల వరసగా తేలుతుంది. మరో పన్నెండు కిలోమీటర్లు పోయేసరికి వీధుల చివర ప్రహరీగోడలా అడ్డంగా నిలబడుతుంది. ఆ పడమటి కనుమల పాదాల దగ్గర ఉన్న ఊరే రాజపాళయం. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 1,30,442 మంది జనాభా ఉన్న పట్టణం. నూలు మిల్లులకు, తెల్ల వేటకుక్కలకు పేరుపడింది.

మన వైపు నుంచి దక్షిణాది యాత్రకు వెళ్ళే బస్సులు మదురై మీనాక్షిని చూసుకుని రామేశ్వరం వైపో, కన్యాకుమారి వైపో తిరిగిపోతాయి. కుర్తాళం జలపాతాలకు పోయేవాళ్ళు ఈ ఊరి మీదుగానే పోతారు గానీ టీ తాగడానికి తప్ప ఆగరు. ఒక పూట ఆగితే ఈ ఊరి అసలు రుచి తెలుస్తుంది. చెన్నైలో, కోయంబత్తూరులో, బెంగళూరులో, అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే ఇక్కడి పిల్లలు పొంగల్‌కో వేసవి సెలవులకో ఇంటికి వచ్చినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో ఒక చర్చ మొదలవుతుంది. ఇవాళ ఎటు పోదాం? అయ్యనార్ కోవిల వాగులో నీళ్ళున్నాయా? శ్రీవిల్లిపుత్తూరు పోయి ఆండాళ్‌ని చూసి పాలకోవా తెచ్చుకుందామా? పిల్లల్ని సినిమాకు పంపి పెద్దవాళ్ళు మామిడితోపుకు పోతే? ఎటు పోయినా చీకటి పడేసరికి ఇల్లు చేరొచ్చు. ఈ చర్చ ఇక్కడ చాలా ఇళ్ళలో తెలుగులోనే సాగుతుంది.

పళయపాళయం, పుదుపాళయం అని ఊరికి రెండు పాత భాగాలున్నాయి. ఆ వీధుల్లో సాయంకాలం నడుస్తుంటే దుకాణాల బోర్డులన్నీ తమిళం, గోడల మీద సినిమా పోస్టర్లు తమిళం, గుడి మైకులో పాట తమిళం. అరుగు మీద కూర్చున్న పెద్దావిడ మాత్రం లోపలున్న కోడలిని తెలుగులో పిలుస్తుంది. ఆగి వింటే యాస కొత్తగా ఉంటుంది, మాటల మధ్య తమిళం విరివిగా దొర్లుతుంది, ఒకటి రెండు వాక్యాలు దాటాక మన చెవి దానికి అలవాటు పడుతుంది. విజయనగర రాజుల కాలంలో, ఆ తర్వాత మదురై నాయకుల పాలనలో తెలుగు నేల నుంచి దక్షిణానికి దండుల వెంట వచ్చి స్థిరపడ్డ క్షత్రియ కుటుంబాల వారసులు వీళ్ళు. ఊరి పేరులో ఉన్న రాజులు వీళ్ళే. బళ్ళో చదివింది తమిళం కాబట్టి చాలామందికి తెలుగు లిపి రాదు. అయినా నోటి మాటగా, తరం వెనక తరం, పుస్తకం ఆసరా లేకుండా భాష ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది. తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 2011 లెక్కల్లో 42 లక్షల పైచిలుకు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ కూడా తెలుగింటివాడే. ఉత్తరం నుంచి వలస వచ్చిన తెలుగువాళ్ళ కథని ఆయన ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా రాశారు. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రాజపాళయం వీధుల్లో తిరిగేవారికి ఆ నవలలు మంచి తోడు.

ఊళ్ళో చూడవలసిన మొదటి చోటు ఒక ఇల్లు. పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా అనే పేరు వినగానే మనకు విజయనగరం గుర్తుకొస్తుంది. అదే ఇంటిపేరు ఇక్కడ, వెయ్యి కిలోమీటర్లకు పైగా దక్షిణాన, ఈ ఊరి రాజుల్లోనూ ఉంది. 1898లో పుట్టిన కుమారస్వామి రాజా గాంధీగారి పిలుపు విని స్వాతంత్య్రోద్యమంలోకి వచ్చారు. 1949 ఏప్రిల్‌లో ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ తర్వాత మద్రాసు ప్రధాని అయ్యారు. దేశం గణతంత్రమయ్యాక అదే పదవి ముఖ్యమంత్రి పదవి అయింది. 1952 ఏప్రిల్‌లో రాజాజీ వచ్చేదాకా ఆయనే కొనసాగారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా మన జిల్లాలన్నీ ఉన్నాయని గుర్తు చేసుకుంటే, ఈ చిన్న ఊరి మనిషికి మన చరిత్రలో ఎంత పాత్ర ఉందో తెలుస్తుంది. మద్రాసు నుంచి ఆంధ్రను విడదీసే వ్యవహారాలు తేల్చడానికి 1949లో ఏర్పడిన సంఘానికి అధ్యక్షుడు ఆయనే. ప్రకాశం పంతులుగారు మద్రాసు నగరం విషయంలో అసమ్మతి పత్రం రాసింది ఆ సంఘంలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడే తమిళనాటి నాయకుడు తెలుగువాళ్ళ, తమిళుల పంపకాల తగవుకు పెద్దమనిషిగా కూర్చోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. మన పాఠ్యపుస్తకాలు ఆయన్ని ఒక్క వాక్యంలో దాటిపోవడం న్యాయం కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

1952 ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. 1954 నుంచి 1956 దాకా ఒరిస్సా గవర్నరుగా పనిచేశారు. 1957లో కన్నుమూశారు. తన ఇంటిని ఊరికి ఇచ్చేశారు. అదే గాంధీ కలై మండ్రం. సాయంత్రం పూట పత్రికలు చదువుకోవడానికి, ఏదైనా సభో కచేరీయో ఉంటే వినడానికి ఊరివాళ్ళు వచ్చే చోటు. ముఖ్యమంత్రుల ఇళ్ళంటే ఎత్తయిన గేట్లు, కాపలాలు అలవాటైన కాలంలో, అలాంటి ఇంట్లో ఎవరైనా కూర్చుని పేపరు తిరగేసుకునే వీలుండటం చూసి మనసు నిండుతుంది.

కుమారస్వామి రాజా రాజకీయంలో ఉన్న కాలంలోనే మరో పెద్దమనిషి ఊరికి మిల్లులు తెచ్చారు. ఆయన పి.ఎ.సి. రామస్వామి రాజా. 1936లో రాజపాళయం మిల్స్ మొదలైంది. చుట్టూ పత్తి పండుతున్నా నూలు మాత్రం ఎక్కడో వడికే రోజులు పోయాయి. ఇప్పుడు రామ్‌కో అని దేశమంతా తెలిసిన సంస్థలకు మూలం అదే. 1939లో రామరాజు సర్జికల్ కాటన్ మిల్స్ వచ్చింది. ఈ ప్రాంతానికి వచ్చినవాళ్ళు సరదాగా చత్రపట్టి దాకా పోయి రావచ్చు. రాజపాళయానికి తూర్పున, బస్సులో కాసేపటి ప్రయాణం. వీధిలో అడుగు పెడితే మగ్గాల చప్పుడు, ఎండలో ఆరవేసిన పల్చటి తెల్లబట్ట. ఆస్పత్రుల్లో గాయాలకు చుట్టే బ్యాండేజీ గుడ్డ దేశంలో పెద్ద వాటా ఇక్కడే తయారవుతుంది. మన ఊరి ఆస్పత్రిలో ఎవరికో కట్టు కట్టినప్పుడు ఆ గుడ్డ ఈ వీధిలోంచి వచ్చి ఉండొచ్చునన్న ఆలోచనతో ఆ చప్పుడు వింటుంటే ఇట్టే కదలబుద్ధి కాదు. దగ్గరలోని తళవాయిపురంలో నైటీలు కుడతారు. అక్కడి కుట్టుమిషన్ల నుంచి అవి ఊరూరి సంతలకు పోతాయి. పండక్కి ఇంటికి వచ్చిన ఆడపడుచులు తళవాయిపురం పోకుండా తిరుగు ప్రయాణం కట్టరు.

మిల్లుల కథలో మనకు దగ్గరి తోక ఒకటుంది. రామ్‌కో వాళ్ళ సిమెంటు కర్మాగారాల్లో ఒకటి జగ్గయ్యపేట దగ్గర జయంతిపురంలో ఉంది. ఆ కాలనీకి పెట్టిన పేరు కుమారస్వామి రాజా నగర్. హైదరాబాద్, విజయవాడల మధ్య ఎన్నోసార్లు తిరిగినవాళ్ళు కూడా ఆ పేరు వెనక ఈ ఊరు ఉందని అనుకోరు. వందల ఏళ్ళ కింద దక్షిణానికి వెళ్ళిన పూసపాటి వారి పేరు తిరిగి కృష్ణా తీరం దగ్గరికి అలా చేరింది.

ఇక కుక్కల సంగతి. రాజపాళయం అనగానే దేశంలో సగంమందికి మొదట తోచేది ఊరు కాదు, కుక్క. ఒళ్ళంతా పాలతెలుపు, పొట్టి నునుపు వెంట్రుక, గులాబి రంగు ముక్కు, పొడుగు కాళ్ళు, సన్నటి నడుము. భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. చూపుతో వేటను పట్టే జాతి. పాళెగాళ్ళ కాలంలో అడవిపంది వేటకు దీన్ని వాడేవారు. యజమాని ఒక్కడి మాటే వింటుంది, కొత్తవాళ్ళ చెయ్యి పడితే సహించదు. గొలుసు కట్టి వసారాలో పడుకోబెట్టే కుక్క కాదిది, పరుగెత్తడానికి పొలమో తోటో కావాలి. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కలతో బిళ్ళలు వేసినప్పుడు హిమాలయ గొర్రెలకుక్క, రాంపూర్, ముధోల్ జాతులతో పాటు దీనికీ చోటిచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో దేశవాళీ కుక్కల్ని పెంచమని చెప్తూ దీని పేరు తలచారు. ఆ తర్వాత పిల్లల కోసం అడిగేవాళ్ళు పెరిగారు. కొనాలనుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. నీలి కళ్ళ పిల్లలు మరీ అందంగా కనిపిస్తాయి గానీ, తెల్ల జాతుల్లో పుట్టుకతో చెవుడు రావడం ఉంది, నీలి కళ్ళున్న వాటిలో అది మరింత ఎక్కువ. అందుకని ముందు చప్పట్లు కొట్టి చూడాలి, తెలిసినవాళ్ళను వెంట తీసుకుపోవాలి. అపార్ట్‌మెంటు బాల్కనీలో పెంచుదామనే ఆలోచన ఉంటే మానుకోవడమే ఆ కుక్కకు మేలు.

పడమటికి పోదాం. ఊరు దాటి ముడంగియారు రోడ్డు పట్టుకుంటే మామిడితోటలు మొదలవుతాయి. కొండవాలు నేల, రాత్రి చల్లగాలి, వాగుల తడి కలిసి ఈ తోటలకు పేరు తెచ్చాయి. బంగినపల్లి ఇక్కడా ఉంది గానీ ఊరివాళ్ళు ఇష్టంగా చెప్పేది సప్పట్టై, పంచవర్ణం. తోటల మధ్య నుంచి కొండ దగ్గరవుతుంది. ‘ఆరో మైలు’ అని పిలిచే చోట ఊరికి తాగునీళ్ళిచ్చే జలాశయం ఉంది. దాన్ని దాటి అటవీశాఖ చెక్‌పోస్టు. అక్కడి నుంచి చెట్ల నీడలో అయ్యనార్ కోవిల. నీర్ కాత్త అయ్యనార్ అంటారు ఈ స్వామిని, నీళ్ళను కాచినవాడని. దక్షిణ తమిళనాట పల్లె పల్లెకూ పొలిమేరలో ఒక అయ్యనార్ గుర్రమెక్కి కాపలా ఉంటాడు. ఇక్కడ మాత్రం అడవిలో, వాగుల గట్టు మీద, ఊరంతా తాగే నీళ్ళకు ఎగువన ఉన్నాడు. ఏ ఇంజనీరైనా కాపలా పెట్టాలనుకునే చోటే అది. నీటి మూలం దగ్గర దేవుణ్ణి నిలిపితే ఎవరూ దాన్ని పాడుచేయరని పెద్దలు తలచి ఉంటారనిపిస్తుంది.

వానలు పడ్డ తర్వాత ఆదివారం ఇక్కడికి వస్తే ఊరిని మొత్తం చూసినట్టే. అమ్మమ్మలు బండల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెడతారు. పిల్లలు మడుగు వదలరు. టిఫిన్ క్యారియర్ల మూతలు తెరిచేసరికి కోతులు హాజరు. పులిహోర, పెరుగన్నం, ఊరగాయ. నీళ్ళు కొండ మీది నుంచి నేరుగా వస్తాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటాయి. ఇక్కడి జలపాతం కుర్తాళమంత ఎత్తు కాదు. అయినా కుర్తాళంలో జనం తోపులాటలో నెత్తిన నీళ్ళు పడటమే గొప్ప. ఇక్కడ బండ పక్కన ఒక కుటుంబానికి సరిపడా మడుగు దొరుకుతుంది. ఇలాంటిదే మరో చోటు రాక్కాచ్చి అమ్మన్ కోవిల దగ్గర ఉంది. దేవదానం వైపు శాస్తా కోవిల కూడా కొండ దిగువన నీళ్ళు పారే చోటే. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ వాగులకు కోపం వస్తే చెప్పి రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో కింద ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన కురిస్తే నిమిషాల్లో వరద దిగుతుంది. అవతలి గట్టున చిక్కుకున్న భక్తుల్ని తాళ్ళతో ఇవతలికి తెచ్చిన రోజులున్నాయి. చెక్‌పోస్టు దగ్గర వద్దన్నారంటే తిరిగి వచ్చెయ్యాలి.

ఆ అడవి మామూలు అడవి కాదు. 1988లో దీన్ని శ్రీవిల్లిపుత్తూరు బూడిదరంగు బెట్టుడుతల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 485 చదరపు కిలోమీటర్లు. 2021 ఫిబ్రవరిలో దీన్నీ మేఘమలై అడవినీ కలిపి పులుల అభయారణ్యం చేశారు. దేశంలో అది 51వది, తమిళనాడులో అయిదోది. పులి కనబడటం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది, ఉడుత కనబడటం ఓపిక మీద. తలెత్తి చింతచెట్ల, మామిడిచెట్ల గుబురుల్ని చూస్తూ నిలబడాలి. పుల్లలూ ఆకులూ కూర్చిన పెద్ద గూడు కనిపిస్తే దాని చుట్టుపక్కలే ఉంటుంది. మన ఇంటి పెరట్లో తిరిగే ఉడుత ఎక్కడ, ఇదెక్కడ! తోకతో కలిపి చూస్తే మూరన్నర దాటుతుంది. వీపు మీద బూడిద చల్లినట్టు నెరిసిన వెంట్రుకలు. కొమ్మ నుంచి కొమ్మకు దూకేటప్పుడు తోక చాచి గాలిలో తేలుతుంది. నేల మీదికి చాలా అరుదుగా దిగుతుంది. అందుకని చెట్ల తలలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న అడవే దానికి కావాలి. నడుమ నాలుగు చెట్లు కొట్టేస్తే దాని దారి తెగినట్టే. ప్రపంచంలో శ్రీలంకలోను, దక్షిణ భారతంలో కొన్ని చోట్లలోను మాత్రమే ఉన్న జాతి ఇది.

తూర్పు దిక్కున ఉన్న సంజీవి కొండ గురించి ఒక్క మాట. ఆంజనేయుడు సంజీవని పర్వతం మోసుకుపోతుంటే రాలిపడ్డ ముక్క అని నమ్మకం. పొద్దున్నే ఎక్కితే అవతల కనుమల మీద ఎండ పడటం చూడొచ్చు.

తెలుగు చదువరికి రాజపాళయం ఇచ్చే అన్నిటికన్నా పెద్ద కానుక పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. టౌన్ బస్సు ఎక్కితే అరగంటలోపు శ్రీవిల్లిపుత్తూరు. కళింగ యుద్ధానికి పోతూ కృష్ణా తీరాన శ్రీకాకుళంలో ఆగిన కృష్ణదేవరాయలకు ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి, గోదాదేవి, అంటే ఈ ఊరి ఆండాళ్, పెళ్ళికథను తెలుగులో రాయమన్నాడు. ఆ ‘ఆముక్తమాల్యద’ మొదలయ్యేది ఈ ఊరి వర్ణనతో. చదివిన చాలామందికి విల్లిపుత్తూరు పురాణాల్లోని ఊరిలా మనసులో ఉండిపోతుంది. అది బస్టాండు, మున్సిపాలిటీ, పాలకోవా దుకాణాలతో నిజంగా ఉందని చూడటం ఒక వింత అనుభవం. రాయల పద్యాల్లో ఒకటి నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. పంటకాలువల్లో బాతులు తలలు రెక్కల్లో దూర్చి నిద్రపోతుంటాయి. అవి తెల్లవారుజామున స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మలు మరచిపోయిన తడిబట్టల ముద్దలనుకుని, ఇళ్ళకు చేర్చుదామని తలారులు రేవుల్లోకి దిగుతారు. బాతులు లేచి పరుగు తీస్తాయి. వరిచేను కాసే ఆడపిల్లలు పగలబడి నవ్వుతారు. రాజు రాసిన పద్యంలో నవ్వేది కాపలా పిల్లలు, నవ్వులపాలయ్యేది రాజుగారి ఉద్యోగులు. ఇవాళ ఊరి చెరువు కట్ట మీద నిలబడి చూస్తే వానాకాలం తర్వాత నీటిపక్షులు అలాగే దిగుతాయి. పద్యం పుట్టిన నేల మీద ఆ పద్యం తలుచుకోవడం కన్నా గొప్ప షికారు తెలుగువాడికి ఇంకేముంటుంది!

గుడి రెండు ప్రాంగణాలు. పెద్ద గోపురం ఉన్నది వటపత్రశాయిది, పక్కన ఆండాళ్‌ది. రెంటికీ మధ్య ఆండాళ్ తండ్రి విష్ణుచిత్తుడికి ఆమె తులసి మొక్కల్లో పసిబిడ్డగా దొరికిందని చెప్పే నందనవనం. రాజగోపురానికి పదకొండు అంతస్తులు, ఎత్తు సుమారు 192 అడుగులు. తమిళనాడు ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది ఈ గోపురమేనని ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. మదురై మీనాక్షి గుడి పడమటి గోపురాన్ని చూసి గీశారనే మాట కూడా ఉంది. ఆండాళ్ ప్రాంగణంలో ఒక బావి ఉంది. దేవుడికి కట్టిన మాల ముందు తాను వేసుకుని, ఎలా ఉన్నానో అని ఆ పిల్ల తొంగిచూసింది అందులోకే అంటారు. మండపాల స్తంభాల మీద నాయకుల కాలపు శిల్పాలు నిలువెత్తుగా ఉన్నాయి. ఊళ్ళో తిరుమల నాయకుడి మహలు కూడా ఒకటి మిగిలింది. ఇక్కడ ఆండాళ్‌కు మధ్యాహ్న నైవేద్యం అయ్యాకనే మదురైలో ఆయన భోజనానికి కూర్చునేవాడట. నైవేద్యం అయిందని తెలియడానికి దారి పొడుగునా మండపాలు కట్టించి, ఒక గంట విని తర్వాతి గంట మోగించే ఏర్పాటు చేశాడని చెప్తారు.

గుడిలో నేను ఎక్కువసేపు చూసింది ఆండాళ్ ఎడమచేతి మీది చిలుకని. అది రాతిదీ కాదు, బంగారందీ కాదు, ఆకులది. ఒళ్ళూ రెక్కలూ కర్రపెండలం ఆకులు, ముక్కు దానిమ్మ పువ్వు. తరతరాలుగా ఈ పని చేసే కుటుంబం గంటల తరబడి కూర్చుని రోజూ కొత్త చిలుకను అల్లుతుంది. ఆ సాయంత్రం అమ్మవారి చేతి మీదికెక్కుతుంది, మర్నాటికి భక్తుల్లో ఎవరికో ప్రసాదంగా పోతుంది. మర్నాడు మళ్ళీ మొదలు. ఈ గుడికీ తిరుమలకూ ఏటా రాకపోకలున్నాయి. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు శ్రీవారు వేసుకునే మాలలు ఇక్కడ ఆండాళ్ వేసుకున్నవి. అవి మేళతాళాలతో బయలుదేరి తిరుమల చేరతాయి. తమిళుల పంగుని నెలలో ఆండాళ్ పెళ్ళికి తిరుమల నుంచి పట్టుచీర వస్తుంది. గరుడసేవ చూడటానికి కొండ ఎక్కే లక్షలమంది తెలుగువాళ్ళు ఆ మాల ఏ తోట నుంచి వచ్చిందో ఒకసారి చూసి రావాలని నా కోరిక.

‘ఆముక్తమాల్యద’ ఈ నేల గురించి తెలుగులో పుట్టింది, మరి ఈ నేల మీదివాళ్ళు దాన్ని చదివేదెలా? ఆ పని చేసింది రాజపాళయం మనిషే. ము.కు. జగన్నాథ రాజా అనే బహుభాషా పండితుడు దాన్ని తమిళంలోకి అనువదించారు. సాహిత్య అకాడమీ అనువాద బహుమతి ఆయనకు దాని మీదే వచ్చింది. హాలుడి గాథాసప్తశతిని కూడా తమిళానికి తెచ్చారు. బళ్ళో తెలుగు లేని ఊళ్ళో పుట్టి, తెలుగు ప్రబంధాల్లోకెల్లా కొరుకుడు పడనిదని పేరుపడ్డ కావ్యాన్ని మథించి పక్క ఊరి పిల్ల కథను పక్క ఊరివాళ్ళకు అప్పజెప్పిన ఆయన పని ముందు ఎంత చెప్పినా తక్కువే.

గుడి బయటికి వస్తే పాలకోవా వాసన దారి చూపిస్తుంది. పాలు, పంచదార, మంట, మనిషి చెయ్యి. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. వెడల్పు మూకుడులో పాలు మరుగుతుంటే అడుగంటకుండా తిప్పుతూనే ఉండాలి. చిక్కబడి, గట్టిపడి, ఇంకా కొంచెం పలుకు మిగిలి ఉండగా దించాలి. 2019లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. పాల సహకార సంఘం అమ్మకాల దగ్గరా, పాత దుకాణాల దగ్గరా వేడివేడిగా ఆకులో పెట్టి ఇస్తే నిలబడే తినడం మేలు. పెట్టెలో కట్టించుకున్నదానికి ఆ రుచి రాదు.

తిరిగి రాజపాళయం చేరేసరికి దీపాలు పెడతారు. అప్పుడు పరోటా కొట్లది రాజ్యం. పెనం మీద గరిటెల తాళం వీధి మలుపు దాకా వినిపిస్తుంది. విరుదునగర్ వైపు అలవాటు ప్రకారం నూనెలో వేయించిన చిన్న పరోటా దొరికితే దాన్నే అడగండి. పైన కరకర, లోపల మెత్తన. విరిచి సాల్నా అనే పలచటి కూరలో నానబెట్టి తినాలి. పక్క బల్ల మీద కుటుంబం మీ తెలుగు విని తల తిప్పితే వెనకాడకుండా పలకరించండి. ‘ఏ ఊరండీ మీది?’ అన్న ప్రశ్న వాళ్ళ నోటి నుంచే ముందు వస్తుంది. తర్వాతి ప్రశ్న ఇంటిపేరు గురించి. ఆ రెండోదానికి జవాబు చెప్పాక మాటలు ఆగవు.

రావడం కష్టం కాదు. చెన్నై ఎగ్మూరు నుంచి చెంగోట్టై పోయే పొదిగై ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లవారాక రాజపాళయంలో దిగొచ్చు. మదురై నుంచి బస్సులో రెండున్నర గంటలు పట్టొచ్చు, దూరం సుమారు 85 కిలోమీటర్లు. విమానాశ్రయం కూడా మదురైలోనే. శ్రీవిల్లిపుత్తూరు గుడి మధ్యాహ్నం మూస్తారు కాబట్టి పొద్దున్నో సాయంత్రమో వెళ్ళాలి. ఆడి నెలలో, అంటే జూలై, ఆగస్టుల్లో, ఆడిపూరం రథోత్సవానికి వస్తే ఆ మహా రథం కదలడం చూడొచ్చు, గదులు మాత్రం ముందే మాట్లాడుకోవాలి. అయ్యనార్ కోవిలకు ఊళ్ళోంచి ఆటో మాట్లాడుకోవచ్చు. పగటి పూటే అనుమతి. ప్లాస్టిక్ సంచులు, సీసాలు లోపలికి తీసుకుపోకూడదు. వాగు నీళ్ళే తర్వాత ఊరి కుళాయిల్లోకి వస్తాయి కాబట్టి సబ్బులు, షాంపూలు కూడా ఇంట్లోనే వదిలి వెళ్ళండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వస్తే మరో గంటన్నర ప్రయాణంలో కుర్తాళం సీజన్ కూడా కలిసొస్తుంది. మామిడి కోసమైతే మే నెలలో రండి. పంచవర్ణం తోట దగ్గరే కొనండి, బజారుకు వచ్చేలోపు మంచి కాయలు చుట్టాల ఇళ్ళకు వెళ్ళిపోతాయి.